అమ్మ ఎక్స్‌రేలో పాత మచ్చ

ఇవాళ అమ్మ మెడికల్ రిపోర్టు వచ్చింది. టీబీ లేదు. రెండు నెలలుగా ఇంట్లో ఒకటే టెన్షన్.

అన్నయ్యకి అమెరికా పౌరసత్వం వచ్చాక అమ్మ గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేశాడు. హైదరాబాద్‌లో వీసా మెడికల్ పరీక్షకి వెళ్తే ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడింది. నేను పుట్టకముందు అమ్మకి టీబీ వచ్చి, పూర్తి కోర్సు మందులతో నయమైంది. అయినా వరుసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్లి కఫం ఇచ్చి రావాల్సి వచ్చింది. ఆ కఫంలో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష ఫలితానికి 8 వారాలు. అవి పెరిగితే చికిత్స పూర్తయ్యేదాకా వీసా రాదు.

అదే వీసా ఫైల్లో, నేరాలేమీ లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి. "జబ్బు పడినందుకు కూడా దొంగల్లాగే చూస్తారా?" అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది.

అంటువ్యాధికి పరీక్ష చేయడం తప్పని నేను అనను. కానీ ఎందుకు చేస్తున్నారో ఆ మూడు రోజుల్లో ఒక్కరైనా అమ్మకి నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది. ఒకప్పుడు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లనీ అమెరికా రానిచ్చేది కాదు, 2010 జనవరిలో ఆ నిబంధన తీసేశారు. అప్పటిదాకా ఎన్ని కుటుంబాలు ఎంత నలిగిపోయాయో!

నాన్న ఇన్నేళ్లూ దాచిన పాత మందుల చీటీలు డాక్టరుకి చూపించాం. వీసా ఇంటర్వ్యూ ఇంకా ఉంది. అవి మళ్లీ బీరువాలోనే జాగ్రత్తగా పెట్టమంది అమ్మ.