నాలుగు పళ్లు తీయించాక ముందు పళ్లు ఎలా కదిలాయంటే

నా పై ముందు పళ్లు బాగా ఎత్తు. పెదవులు కలవాలంటే గడ్డం బిగపట్టాల్సి వచ్చేది. ఉద్యోగంలో చేరి చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక క్లిప్పులు పెట్టించుకుందామని భీమవరం వెళ్లాను. మాది రాజోలు వైపు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్లాలి.

ఎక్స్‌రే, అచ్చులు చూసి, కోరపళ్ల పక్కనే వెనకాల ఉండే పళ్లు పైన రెండు, కింద రెండు తీయాలన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఈ మాట చెప్పగానే నాయనమ్మ, "పై పళ్లు పీకించుకుంటే చూపు పోద్దే!" అని కంగారుపడింది. పంటి నరం వేరు, చూపు నరం వేరు, ఆ భయమేమీ లేదని డాక్టరుగారు ఫోన్లో ఓపిగ్గా చెప్పాకే ఆవిడ ఒప్పుకుంది. మత్తు ఇంజక్షన్ ఇచ్చారు కాబట్టి పీకడం పెద్ద కష్టంగా అనిపించలేదు.

అసలు సంగతంతా ఆ తర్వాతే. పన్ను తీసినంత మాత్రాన ముందు పళ్లు వాటంతటవే వెనక్కి వెళ్లిపోవు. ఒక్కో పన్ను తీస్తే దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ దేనికి ఖర్చవుతుందన్నదే ముఖ్యం. నా కింది పళ్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉండేవి, అవి వరసలోకి రావడానికే కింద ఖాళీలో చాలా భాగం సరిపోయింది. పైన ఇరుకు తక్కువ. కానీ అక్కడ ఇంకో చిక్కుంది. ముందు పళ్లని వెనక్కి లాగితే, ఆ లాగుడికి వెనక దవడ పళ్లు ముందుకి జరిగి ఖాళీని తినేస్తాయి.

"రెండు పడవల్ని తాడుతో కట్టి లాగితే రెండూ దగ్గరికొస్తాయమ్మా. అదే రేవులో రాటకి కట్టి లాగితే పడవ ఒక్కటే వస్తుంది," అన్నారాయన. ఆ రాట కోసం పైన రెండు వైపులా దవడ ఎముకలోకి చిన్న టైటానియం స్క్రూ దించారు. నొప్పి లేదు, చిగురు మీద ఎవరో గట్టిగా వేలుతో నొక్కినట్టుంది. స్క్రూ నుంచి క్లిప్పుల తీగకున్న కొక్కేనికి రబ్బరు చైన్ తగిలించి, నెలనెలా మార్చేవారు. మార్చిన ఒకటి రెండు రోజులు ముందు పళ్లతో జామకాయ కొరకడం కాదు కదా, లేత కొబ్బరి కూడా చెంచాతో తీసుకుని వెనక పళ్ల మీద నమలాల్సిందే. స్క్రూ చుట్టూ మెత్తటి బ్రష్‌తో రోజూ శుభ్రం చేయాలి. అక్కడ చిగురు వాస్తే స్క్రూ వదులైపోతుంది.

కదలిక బాగా నెమ్మది. నెలకి సుమారు ఒక మిల్లీమీటరు. లాగే వైపు ఎముక కరుగుతూ, పన్ను వదిలి వచ్చిన వైపు కొత్త ఎముక పుడుతూ ఉండాలి కాబట్టి చైన్ ఇంకా గట్టిగా బిగించినా లాభం లేదట. మధ్యలో ఒకసారి, పన్ను పైభాగం వెనక్కి వస్తోంది గాని వేరు అక్కడే ఉండిపోతోందని గమనించి, వేరు కూడా కదిలేలా, గుండ్రంగా కాక పలకలుగా ఉండే స్టీలు తీగకి మెలిక పెట్టి వేశారు. అది చేయకపోతే ఖాళీ మూసుకుంటుంది, పళ్లు మాత్రం లోపలికి వాలిపోతాయి. అద్దంలో ఖాళీ తగ్గడమే చూసుకునే నాకు ఈ తేడా తెలిసేదే కాదు.

ఇప్పుడు పెదవులు వాటంతటవే కలుస్తున్నాయి. అయితే పళ్లు ఎంత వెనక్కి వెళ్తే పెదవి కూడా అంత దూరం వెళ్లదు, దాని మందాన్ని బట్టి తక్కువే తగ్గుతుంది. అందుకే పళ్లు తీయించే ముందే అడగండి: ఈ ఖాళీలో ఇరుకుకి ఎంత పోతుంది, ముందు పళ్లకి ఎంత మిగులుతుంది, దవడ పళ్లు జరగకుండా ఏం చేస్తారు? నాకు క్లిప్పులు తీసేశారు. పళ్లు మళ్లీ పాత చోటికి జరగకుండా రాత్రిళ్లు రిటైనర్ పెట్టుకుంటున్నాను.