బరంపురంలో సీఈఏ

గుంటూరు నుంచి ఉద్యోగానికి బరంపురం వచ్చేటప్పుడు ఒడియా రాదని బెంగపడ్డాను. కూరగాయల బజారుకు వెళ్ళగానే ఆ బెంగ తీరింది. 1936లో ఒడిశాలో చేరేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, తెలుగు మాట ఇప్పటికీ నిలిచి ఉంది. ఒడియా మెల్లగా పట్టుబడింది.

ప్రయోగశాలలో నా పని, పెద్దపేగు క్యాన్సర్ కణితి నుంచి సీఈఏ (కార్సినోఎంబ్రియోనిక్ యాంటిజెన్) అనే ప్రోటీన్‌ను విడదీయడం. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దీన్ని గుర్తించారు. రోగి అనుమతితో తెచ్చిన కణజాలాన్ని చల్లగా ఉంచి నూరి, పెర్‌క్లోరిక్ ఆమ్లం కలపగానే ద్రవం పాలు విరిగినట్టు విరుగుతుంది. చాలా ప్రోటీన్లు ముద్దకట్టి అడుగుకు దిగిపోతాయి. సీఈఏ మాత్రం తేటలోనే మిగులుతుంది. దాని బరువులో దాదాపు సగం చక్కెరలే, దాన్ని కాపాడేవీ అవే. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని ఘట్టం ఇది.

డయాలిసిస్‌తో, అంటే సన్నని రంధ్రాల పొర గుండా, ఆమ్లాన్ని వదిలించి, తేటను జెల్ కాలమ్‌లో, అంటే జెల్ పూసలు నింపిన గొట్టంలో, దించాలి. పెద్ద అణువులు ముందు దిగుతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. సీఈఏను పోలిన ఎన్‌సీఏ అనే ప్రోటీన్ కూడా ఆమ్లానికి లొంగదు, ఆరోగ్యవంతుల కణాల్లోనూ ఉంటుంది. అది కలిసిన సరుకుతో పరీక్షకు కావలసిన యాంటీబాడీలు (ప్రోటీన్‌ను గుర్తుపట్టి అంటుకునే అణువులు) తయారుచేస్తే, అవి రెండింటినీ పట్టుకుంటాయి. రక్తంలో సీఈఏ ఎంతుందో కొలిచే ఆ పరీక్షను నమ్ముకున్న రోగికి అన్యాయమే.

చివరికి, విద్యుత్తుతో ప్రోటీన్లను పరిమాణం వారీగా విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ జెల్ మీద సీఈఏ సన్నని గీతలా రాదు. 180 కిలోడాల్టన్ల (అణువు బరువుకు కొలత) దగ్గర వెడల్పుగా, అంచులు చెదిరిన పట్టీలా కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు శుద్ధి కుదరలేదని దిగాలు పడతారు. ఒక్కో అణువుకు చక్కెరల అమరిక ఒక్కో రకం, అందుకే ఆ వెడల్పు. ఎంజైముతో చక్కెరలు తీసేస్తే పట్టీ బాగా కిందికి జారుతుంది. అప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి!

మా ఇంటి యజమానురాలు తెలుగావిడే. ఆమె భర్తకు పెద్దపేగు ఆపరేషన్ అయింది. మొన్న రిపోర్టు పట్టుకుని పైకి వచ్చారు.

"అమ్మా, ఈ సీఈఏ అంకె కాస్త పెరిగింది. మళ్ళీ వచ్చినట్టేనా?"

"ఒక్క అంకె చూసి అలా అనుకోకండి, పిన్నిగారూ. బాబాయిగారు బీడీలు మానారా?"

ఆమె తల అడ్డంగా ఊపారు. పొగ తాగేవాళ్ళలో ఇది కొంత ఎక్కువే ఉంటుంది. అలాగని తోసిపుచ్చడానికీ లేదు. ఆపరేషన్ తర్వాత తగ్గిన అంకె వరుసగా పెరుగుతుంటే జబ్బు తిరగబెట్టిందేమోనని వెతకాల్సిందే. ఒక్కో చోట ఒక్కో పద్ధతి కాబట్టి పాత పరీక్ష చేసినచోటే మళ్ళీ చేయించమన్నాను. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పేర్చి, డాక్టరుగారికి చూపించడానికి ఇచ్చాను.