పి15 యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏని సరిగ్గా కొలవాలంటే

పి15 జన్యువు కణవిభజనకు పగ్గం. దాని ఎదురు పోగు నుంచి పుట్టే యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏని చిన్న ముక్కలుగా కత్తిరించే డైసర్ ఎంజైమ్ అవసరం లేకుండానే, డీఎన్‌ఏ, ప్రోటీన్ల చుట్ట అయిన క్రొమాటిన్‌ని బిగించి పి15 నోరు నొక్కేస్తుందని 2008లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పరిశోధనలో తేలింది. ఎంత గొప్ప సంగతి!

కొలతకు ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏ నకలుగా, అంటే సీడీఎన్‌ఏగా మార్చాలి. ఆ నకలుని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కే ప్రైమర్. ఎక్కడపడితే అక్కడ అతికే ర్యాండమ్ ప్రైమర్లు వద్దు, రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏలూ కలిసిపోతాయి. ముందు, కలిసివచ్చిన డీఎన్‌ఏని తినేసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ వేయండి. తర్వాత యాంటీసెన్స్‌కే అతికే ప్రైమర్ 5' కొసన, మనిషి జీనోమ్‌లో లేని 20 అక్షరాల ట్యాగ్ తగిలించండి. సీడీఎన్‌ఏకి కాపీలు పెంచే పీసీఆర్‌లో ఒక ప్రైమర్ ఆ ట్యాగ్‌దే కావాలి. ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ తనమీద తానే మడతపడి, ప్రైమర్ లేకున్నా సీడీఎన్‌ఏ అవుతుంది. మిగిలిపోయిన ట్యాగ్ ప్రైమర్‌ని ఒంటిపోగు డీఎన్‌ఏని కొరికేసే ఎగ్జోన్యూక్లియేజ్ 1 ఎంజైమ్‌తో తీసేయకపోతే, అది పీసీఆర్‌లో సెన్స్ (పి15 సొంత) ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చిన సీడీఎన్‌ఏకీ ట్యాగ్ అంటిస్తుంది. పోల్చి చూడడానికి ప్రైమర్ లేని ట్యూబు, సీడీఎన్‌ఏని తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ లేని ట్యూబు, రెండూ పెట్టాల్సిందే.