నార బట్ట, నూలు బట్ట, మూడు పద్ధతులు

ఫొటోలోని ఉపరితలపు అల్లికను (టెక్స్చర్‌ను) బట్టి అది ఏ పదార్థమో కంప్యూటర్‌తో గుర్తించే మూడు పద్ధతుల మీద, ఎం.టెక్. ప్రాజెక్టు కోసం మూడు నెలలుగా చేస్తున్న పోలిక నిన్న రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ విశ్వవిద్యాలయం వారి కేటీహెచ్-టిప్స్ డేటాసెట్‌లో 10 రకాల పదార్థాల ఫొటోలు 810 ఉన్నాయి. ఒక్కొక్క పదార్థాన్ని 9 దూరాల నుంచి, వేర్వేరు వెలుతురులో, వేర్వేరు భంగిమల్లో తీశారు. వాటిపై హరాలిక్ బృందం 1973లో వివరించిన కో-అకరెన్స్ మ్యాట్రిక్స్ లక్షణాలను (ఏయే పిక్సెల్ విలువలు పక్కపక్కన ఎన్నిసార్లు వస్తాయో లెక్కించేవి), గాబర్ ఫిల్టర్లను (వేర్వేరు దిశల్లో, వేర్వేరు ఒత్తులో ఉన్న చారలను పట్టేవి), లోకల్ బైనరీ ప్యాటర్న్‌ను నడిపి చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చినది చివరిదే. మధ్య పిక్సెల్ విలువ 90 అనుకుంటే, చుట్టూ ఉన్న 8 పిక్సెళ్లలో 90కి తగ్గనివాటికి 1, తగ్గినవాటికి 0 వేసుకుంటూ పోతే 8 బిట్ల కోడ్ వస్తుంది. వెలుతురు పెరిగి అన్ని విలువలూ ఒకే మేర పెరిగినా ఆ కోడ్ మారదు. ఇంత చిన్న లెక్క ఇంత పని చేయడం చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

మొదట ఫొటోలను శిక్షణకూ పరీక్షకూ కలగాపులగంగా విడదీయడం నా పొరపాటు. ఒకే దూరం నుంచి తీసినవి శిక్షణలోనూ పరీక్షలోనూ చేరడంతో మూడు పద్ధతులూ దాదాపు సమానంగా కనిపించాయి. దగ్గరి ఫొటోలతో నేర్పి, దూరపు ఫొటోలతో పరీక్షించాకే అసలు తేడా బయటపడింది: ఒకే వ్యాసార్ధంతో (మధ్య పిక్సెల్ నుంచి చుట్టూ ఉన్న పిక్సెళ్ల దూరం) లెక్కించిన బైనరీ ప్యాటర్న్ నార బట్టను నూలు బట్టగా పొరబడింది, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ పోగుల మధ్య సందులు కుంచించుకుపోయి కోడ్‌లే మారిపోతాయి. రకరకాల పౌనఃపున్యాలను (చారల ఒత్తులను) పట్టుకునే గాబర్ అక్కడ కొంత నిలబడింది గానీ, సమయం బాగా తీసుకుంది. వ్యాసార్ధం 1, 2, 3లతో తీసిన హిస్టోగ్రామ్‌లను (ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో చూపే లెక్కలను) కలిపి మళ్లీ నడిపాను. కార్డురాయ్ (గట్ల చారలుండే బట్ట) చారలు కుదిరాయి, నార, నూలు చిక్కు మాత్రం ఇంకా విడలేదు.