క్యాలెండర్ కాగితం చింపిన అక్క

తెల్లవారుజామున అయిదుంబావుకి ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి మంచినీళ్ల చెంబు కోసం వెతుకుతుంది. ఆరు నెలల అలవాటు, అంత త్వరగా పోదు.

మాది నాయుడుపేట. చెన్నైలో, పెరంబూరులో మిద్దె మీద ఒంటిగదిలో అద్దెకుంటాను. అంబత్తూరులో లెక్కలు రాసే ఉద్యోగం. 2024 దీపావళి వెళ్లాక దగ్గు మొదలైంది, చలికాలం కదా అనుకున్నాను. దగ్గర్లోని డాక్టరు ఒకాయన రెండుసార్లు యాంటీబయాటిక్స్ రాసిచ్చాడు, సిరప్ ఇచ్చాడు, నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రిళ్లు బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ నన్ను చూసి ఏడ్చింది. 63 కిలోల మనిషిని 51కి వచ్చాను.

ఇది టీబీ అయ్యుంటుందని మొదట అన్నది డాక్టరు కాదు, కింద వాటాలో ఉండే అక్క. ఆమె కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేస్తుంది. వాళ్ల తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చేశారు, తెలుగు ఇంకా పోలేదు, సగం అరవం కలిసిన తెలుగు. ఒక రాత్రి నా దగ్గు ఆగకపోతే పైకి వచ్చి గుమ్మంలో నిలబడి, "తమ్ముడూ, ఇది సాదా దగ్గు కాదు. ఈ దగ్గు నాకు తెలుసు. రేపే పోయి కళ్లె చూపించుకో" అంది. ఎలా తెలుసని నేను అడగలేదు. అడగాల్సింది.

సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, సీబీనాట్ అనే పరీక్షకి కళ్లె తీసుకున్నారు. ఆ మిషన్ రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో చెప్పేస్తుంది, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి అది లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. క్రిమి ఉంది, మందుకి లొంగే రకమే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారని అక్కడి గోడ మీద చదివి కూడా, నాకెందుకొచ్చిందని కుమిలిపోయాను. అమ్మకి ఫోన్‌లో టైఫాయిడ్ అని చెప్పాను.

మందులు ఉచితం. మొత్తం 168 రోజులు: మొదటి 56 రోజులు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత 112 రోజులు మూడు మందులవి. నా బరువుకి రోజుకి నాలుగు మాత్రలు. అవి రోజూ వేసుకుంటున్నానో లేదో దగ్గరుండి చూసే మనిషి ఎవరైనా ఉన్నారా అని ఆరోగ్య కార్యకర్త అడిగితే, ఎవరూ లేరని చెప్పబోయాను. వెనకాల మెట్ల దగ్గర నిలబడిన అక్క, "నేను లేనా, నేను చూస్తాను రాసుకో" అంది.

2025 ఫిబ్రవరి 10న మొదటి రోజు. ఆమెకి ఆరింటికి డ్యూటీ. అయిదుంబావుకి పైకి వచ్చేది, నేను నాలుగు మాత్రలూ మింగేదాకా నిలబడేది, నోరు తెరిచి చూపించమనేది, ఆ తర్వాత గోడకున్న రోజువారీ క్యాలెండర్‌లో ముందు రోజు కాగితం చింపి మడిచి కొంగున పెట్టుకుని వెళ్లిపోయేది. ఆ కాగితం చింపే పని మాత్రం నన్ను చెయ్యనిచ్చేది కాదు. మొదటి రోజు ఉచ్చ ఎర్రగా వస్తే రక్తమనుకుని టెన్షన్‌తో కిందికి పరిగెత్తాను. "మందు రంగు అది, రాకపోతేనే భయపడాల" అంది. వాంతి వచ్చినట్టుండటం, కీళ్ల నొప్పులు, ఇవన్నీ నాకంటే ముందే ఆమెకి తెలిసినట్టుండేది. ప్రభుత్వం తిండి కోసం నెలకి 1,000 రూపాయల లెక్కన ఖాతాలో వేస్తుంది కదా, ఆ డబ్బు పడిందని తెలిస్తే చాలు, "గుడ్లు తెచ్చినావా? ఏవి, చూపించు" అని అడిగేది.

ఇంటి ఓనరమ్మ నా బకెట్ వేరే పెట్టించింది. టీబీ గాలిలో వస్తుంది, గిన్నెల్లోంచీ బకెట్లలోంచీ రాదు, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. నేను అదంతా చెప్పే ఓపికలో లేను. అక్కే చెప్పింది, గట్టిగానే చెప్పింది. మాస్కు పెట్టుకోమని, కిటికీలు తీసి ఉంచమని నాకు కూడా అంతే గట్టిగా చెప్పింది.

ఏప్రిల్‌లో నిజం తెలిసి అమ్మ వచ్చింది. అక్క ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అమ్మ గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు, చేతిలో పట్టుకునే కూర్చుంది. దానికి కారణం టీబీ కాదు, అక్క చేసే పని, ఆమె కులం. నేను చూశాను, అక్క కూడా చూసింది. ఆ సంగతి గురించి మేమిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు. మొదలుపెట్టాల్సింది నేనే.

56 రోజులయ్యాక మళ్లీ కళ్లె పరీక్ష చేస్తే క్రిమి కనబడలేదు. ఆకలి వచ్చింది, బరువు పెరిగాను, ఆఫీసుకి వెళ్తున్నాను. ఇక ఈ మాత్రలెందుకు అనిపించడం మొదలైంది. అసలు ప్రమాదం ఇక్కడే. పరీక్షకి దొరకకుండా మందకొడిగా పడి ఉండే క్రిములు లోపల ఉంటాయి, మధ్యలో ఆపితే అవి మళ్లీ లేస్తాయి, ఆ లేచినవి మందుకి లొంగకుండా కూడా తయారవచ్చు. చదువుకున్నవాణ్ణి, నాకు ఇదంతా తెలుసు. అయినా మే 17న, 97వ రోజు, కత్తిరి ఎండలకి మిద్దె గది రాత్రంతా కొలిమిలా కాగితే, కడుపులో తిప్పుతుంటే, మాత్రలు వేసుకోకుండా ఆమె రాకముందే నేనే క్యాలెండర్ కాగితం చింపేశాను. వేసుకున్నానక్కా అన్నాను.

ఆమె గోడ వైపు చూసింది. ఏమీ అనకుండా స్ట్రిప్ తీసి లెక్కపెట్టింది. తర్వాత గుమ్మంలోనే కూర్చుండిపోయి చెప్పింది. పదిహేనేళ్ల కింద ఆమెకీ టీబీ వచ్చిందట. అప్పుడు వారానికి మూడు రోజులే మాత్రలు. మూడో నెలలో బాగానే ఉందని ఆపేసింది, కూలి పోతుందని. ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి ఎనిమిది నెలల మందు, మొదటి రెండు నెలలు వారానికి మూడు సూదుల చొప్పున 24 సూదులు. జబ్బు పోయింది గానీ ఊపిరితిత్తిలో ఒక పక్క మచ్చ కట్టి అలాగే ఉండిపోయింది. "మీ మెట్లు పద్దెనిమిది. తొమ్మిదో మెట్టు కాడ నిలబడి ఊపిరి తీసుకుంటా రోజూ. నువ్వు ఎప్పుడన్నా విన్నావా?" అని అడిగింది.

నేను వినలేదు. తొంభై ఆరు రోజులు ఆ చప్పుడు వింటూ, అది మధ్యలో ఆగుతుందని గమనించలేదు. ఆ రోజు మాత్రలు ఆమె ముందే వేసుకున్నాను.

హీరో అంటే మనకి వెంటనే సినిమా గుర్తొస్తుంది, లేకపోతే మంటల్లోకో నీళ్లలోకో దూకి ఎవరినో కాపాడినవాళ్లు. వాళ్లంటే నాకూ గౌరవమే. కానీ విశేషమేమీ లేని రోజున, చూసేవాళ్లు లేని రోజున, ముందు రోజు చేసిన పనే మళ్లీ చెయ్యడానికి సగం ఊపిరితో మెట్లెక్కిన మనిషిని చూశాక, నాకు ఆ మాటకి ఇంకో ముఖం కనబడదు. ఇదే చెన్నైలో 1956లో టీబీ రోగులను రెండు భాగాలు చేసి, కొందరికి శానటోరియం అనే టీబీ ఆసుపత్రిలో ఉంచి, కొందరికి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంటి దగ్గరున్నవాళ్లకి తిండి సరిగా లేకపోయినా, దాదాపు శానటోరియంలో ఉన్నవాళ్లంత బాగానే నయమైంది. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా వైద్యం తీరు మారింది. ఆ పరీక్ష చేసిన చేట్‌పట్‌లోని పరిశోధన సంస్థ ముందు నుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా, ఇంటి దగ్గర వైద్యం అంటే ఇంటి దగ్గర ఒక మనిషి కూడా ఉండాలి కదా అనుకుంటాను. ఆ లోటును దేశంలో ఎన్ని వీధుల్లో ఎంతమంది అక్కలు పూడుస్తున్నారో.

జూలై 27న 168వ రోజు. కాగితం చింపి, ఎప్పటిలాగే మడిచి కొంగున పెట్టుకుని, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది.

మర్నాడు నాకు అయిదింటికే మెలకువ వచ్చింది. మెట్ల మీద చప్పుడు లేదు. కాసేపు చూసి నేనే కిందికి దిగాను. అక్క గడప మీద కూర్చుని తలకి గుడ్డ కట్టుకుంటోంది, పక్కన టీ గ్లాసు. "ఏంది తమ్ముడూ, ఇయ్యాల మాత్ర లేదు గదా" అంది. ఊరికే వచ్చానన్నాను. ఆమె లోపలికి వెళ్లి ఇంకో గ్లాసు తెచ్చి, తన టీలో సగం అందులో పోసి నా చేతికిచ్చింది.

"తొందరగా తాగు, ఆరుకి డ్యూటీ."