తొలిచూలు పెయ్య, మంచు, ఒక కౌబాయ్

ఈ మధ్య నా లైబ్రరీ యాప్ తెరిస్తే వరసగా కౌబాయ్ ప్రేమ నవలలు, కవర్ల మీద టోపీలే. టోపీ, జీన్స్, పెద్ద బెల్టు బకిల్, చొక్కా మాత్రం ఉండదు. మా ఆయన ఒకసారి వెనకనుంచి తొంగిచూసి "పాపం, ఇంత పొలం ఉండి చొక్కా కొనుక్కోలేకపోయాడా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు, ఏం చెప్తాం, అప్పటికి నెలలో ఆరోది అది.

కథ తెలిసిందే అనుకోండి. ఊరి పేరు కల్పితం, రాష్ట్రం మాత్రం నిజం, వయోమింగో మోంటానానో టెక్ససో. సిటీలో ఉద్యోగం పోయో మనసు విరిగో అమ్మాయి వస్తుంది, అక్కడ మాటలు తక్కువ, పొగరు ఎక్కువ ఉన్న రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం) ఓనరొకడు, వీలైతే వాడికో చిన్న కూతురు. ఇదేం కొత్త అచ్చు కాదు, 1902లో ఓవెన్ విస్టర్ రాసిన నవల్లోనే తూర్పున వెర్మాంట్ నుంచి వయోమింగ్ వచ్చిన టీచరమ్మ, ఆవిడ్ని ప్రేమించే కౌబాయ్ ఉన్నారు. నూట ఇరవై ఏళ్ళుగా అదే మూకుడు, అదే నూనె.

అయినా ఎందుకు చదువుతున్నానంటే మొదట ఆ ఊరి కోసం. ఒకే డైనర్, ఒక బార్, ఒక దాణా కొట్టు. హీరోయిన్ కారు పొద్దున ఆరింటికి హీరో గేటు దగ్గర కనబడితే ఎనిమిదికల్లా డైనర్లో కాఫీ పోసే ఆవిడ నవ్వుతూ "రాత్రి బాగా నిద్రపట్టిందా" అంటుంది. అద్దంకి దగ్గర మా ఊళ్ళో నేను బస్సు దిగి ఇంటికెళ్ళేలోపే మా అత్తకి కబురు వెళ్ళిపోయేది, ఫలానా వాళ్ళమ్మాయి ఎర్ర బ్యాగేసుకుని దిగింది అని. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు టెక్సస్ ఫ్రిస్కోలో నాలుగేళ్ళుగా పక్కింటాయన పేరు తెలీకుండా బతుకుతూ అదే గోల పుస్తకాల్లో వెతుక్కుని చదువుతున్నా, ఖర్మ.

ఒళ్ళు మండే విషయాలు వీటిల్లోనూ ఉన్నాయి. ఉద్యోగం వదిలేసేది ఎప్పుడూ అమ్మాయే, రాంచ్ అమ్మేసి షికాగోలో అపార్ట్‌మెంట్ తీసుకున్న హీరో నాకు ఇంతవరకు తగల్లేదు. ఇంకోటి, నేను చదివినవాటిల్లో ఊరంతా తెల్లవాళ్ళే. అసలు కౌబాయ్‌ల కాలం అంటే 1860ల చివరనుంచి ఓ ఇరవై ఏళ్ళు, టెక్సస్ నుంచి కాన్సస్ రైలు స్టేషన్లదాకా వేల పశువుల్ని తోలుకెళ్ళిన కూలీలు వాళ్ళు, అందులో నలుగురిలో ఒకరు నల్లవాళ్ళు అని చరిత్రకారుల అంచనా, తాడు విసరడం నేర్పింది మెక్సికో వాళ్ళు, రాంచ్ అన్న మాటే స్పానిష్ నుంచి వచ్చింది. మరి కవర్ మీద ఎప్పుడూ ఆ నీలికళ్ళాయనే ఎందుకో.

పోయినేడు అమ్మానాన్న వచ్చినప్పుడు ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ కి, అంటే అక్కడి పాత పశువుల సంతకి, తీసుకెళ్ళా. అక్కడ రోజుకి రెండుసార్లు లాంగ్‌హార్న్ పశువుల్ని వీధిలో నడిపిస్తారు. జనం ఫోటోల కోసం ఎగబడుతుంటే నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చూసి "కొమ్ములైతే ఉన్నాయి గానీ మూపురం ఏదమ్మా" అన్నాడు. రాత్రి రోడియోలో, అదే ఎద్దుల మీద స్వారీ చేసే పోటీలో, మూపురం ఉన్న ఎద్దొకటి గేటు తెరవగానే మీదున్నోణ్ణి మూడు సెకన్లలో మట్టి కరిపించింది, ఎనిమిది సెకన్లు పడకుండా ఆగితేనే లెక్క మరి. నాన్న కుర్చీలోంచి లేచి "ఇది మనదే!" అన్నాడు. నిజానికి తప్పేం కాదు, అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని గిర్, గుజరాతీ, కృష్ణాలోయ పశువులతో పాటు నెల్లూరు అని వాళ్ళు పిలిచే మన ఒంగోలు జాతినీ కలిపి తయారుచేశారు, 1924లో హ్యూస్టన్లో సంఘం కూడా పెట్టుకున్నారు, రోడియో ఎద్దుల్లో చాలావాటికి ఆ రక్తం ఉంటుంది. టోపీ హీరోలు కిందపడేది మన చుట్టాల మీదనుంచే అన్నమాట.

ఇంతకీ నాకు ముద్దుల సీన్ల కన్నా ఇష్టమైంది ఆవు ఈనే సీను. దాదాపు ప్రతి దాంట్లో ఉంటుంది. మార్చి నెల, బయట మంచు, తొలిచూలు పెయ్య నొప్పులు పడుతోంది, డాక్టర్ రావాలంటే గంటపైన. మొన్న చదివిన దాంట్లో హీరో చొక్కా చెయ్యి మడిచి మోచేతి పైదాకా లోపలికి పెట్టి దూడ ముందుకాళ్ళు దొరకబుచ్చుకుంటాడు, ఆమెని టార్చ్ పట్టుకోమంటాడు, ఆవు ముక్కినప్పుడే లాగుతాడు, ఆగితే ఆగుతాడు. దూడ పడ్డాక ఊపిరి లేదు. గడ్డిపోచ తీసి ముక్కులో పెడితే తుమ్ముతుంది. అంతే, ఆ చాప్టర్లో ప్రేమ అన్న మాటే లేదు, కానీ ఆమె పడిపోయింది, నేనూ పడిపోయా.

ఎందుకంటే అది నేను చూసిందే. మా చావిట్లో గేదె ఈనిన రాత్రి కరెంటు లేదు, అమ్మ లాంతరు పట్టుకుంది, నాన్న అచ్చం ఇలాగే గడ్డిపోచ పెట్టాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు, నాన్న చెయ్యి చాపకముందే అమ్మ గోనెపట్టా అందించింది. వాళ్ళ మధ్య అంతకుమించి రొమాన్స్ నేనెప్పుడూ చూళ్ళేదు.

ఉండబట్టలేక అమ్మకి ఫోన్ చేసి ఆ సీనంతా చెప్పా, మంచు, టార్చ్, గడ్డిపోచ, చివర్లో అతను ఆమె నుదుటి మీద రక్తం మరక తుడవడం, అన్నీ. అమ్మ మధ్యలో ఊ కొడుతూ మొత్తం వింది.

"మరి మాయ పడిందా?" అంది.

మళ్ళీ ఆ చాప్టరంతా తిరగేశా. రాయలేదు.