చీనీ తోటలో అమ్మోనియా వాసన

మొన్న ఆదివారం తాడిపత్రి దగ్గర మా ఊరికి పోయి, చీనీ (బత్తాయి) తోటలోని షెడ్డులో అడుగు పెట్టగానే కళ్లు మండాయి. నాయన పట్టా మీద ఇరవై ఇరవై జీరో పదమూడు ఎరువు బస్తా కుమ్మరించి, గంపెడు పొయ్యి బూడిద కలుపుతున్నాడు. బూడిద లేస్తోందని నీళ్లు కూడా చిలకరించాడు.

"ఆపు నాయనా!" అంటే, "బూడిదలో పొటాష్ ఉంటుందని నువ్వే చెప్తివి గదా" అన్నాడు.

చెప్పింది నిజమే. దేంట్లో కలపకూడదో మాత్రం చెప్పలేదు. ఆ తప్పు నాదే.

ఆ మందులో నత్రజని ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది. బూడిదలో ఉండేది పొటాషియం కార్బొనేట్, మంచి క్షారం. తడి తగలగానే అది అమ్మోనియం నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కుంటుంది. మిగిలేది అమ్మోనియా వాయువు. నేను కాలేజీ ల్యాబులో ఏటా పిల్లలతో చేయించే పరీక్ష ఇదే: అమ్మోనియం లవణానికి క్షారం కలిపితే ఘాటు వాసన, తడి ఎర్ర లిట్మస్ నీలం అవుతుంది. 50 కిలోల బస్తాలో నత్రజని 10 కిలోలే. మా కళ్లు మండించింది అందులోదే.

అమ్మ అంతా విని, "గిన్నెల జిడ్డు పోయేది కూడా దానివల్లేనా?" అంది. అవునమ్మా, ఆ క్షారమే జిడ్డును సబ్బుగా మారుస్తుంది. 1807లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పొటాషియాన్ని మొదటిసారి విడదీసింది కూడా ఇలాంటి క్షారం నుంచే, కరెంటు పంపి.

యూరియాతోనూ ఇదే బాధ, కాకపోతే నెమ్మదిగా. మా నేలలో సున్నపు గుళ్లు కనిపిస్తాయి, పరీక్షలో పీహెచ్ 8.3 వచ్చింది, అంటే క్షార నేల. యూరియాను పైపైన చల్లి వదిలేస్తే, నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది. క్షార నేలలో అది అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. అందుకే పాదిలో వేసి, మన్ను కప్పి, అదే రోజు నీళ్లు కట్టాలని నాయన వెంట పడుతుంటాను. ఇలాంటి నేలకు బూడిద అసలు అక్కర్లేదు కూడా.

మరి పొటాష్? ఎర్ర పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. బస్తా మీద 60 అని ఉంటుంది గానీ అది పొటాషియం ఆక్సైడ్ లెక్క. లోపల ఆక్సైడ్ ఉండదు, పాత అలవాటుగా అలా లెక్కగడతారు. అసలు పొటాషియం నూటికి 50 దాకా ఉంటుంది, మిగతాది దాదాపు అంతా క్లోరైడ్. మా బోరు నీళ్లు ముందే ఉప్పన. చీనీ చెట్టు క్లోరైడ్‌ను ఓర్చుకోదు, ఆకు కొసలు మాడతాయి. ఖర్చు ఎక్కువైనా తెల్ల పొటాష్, అంటే సల్ఫేట్ రకమే తెమ్మన్నాను.

కలిపినదాన్ని నాయన అప్పటికప్పుడే పాదుల్లో వేసి మన్ను కప్పాడు. నేను డ్రిప్ వాల్వు తిప్పాను. ఇంకో గంప బూడిద మిగిలితే, అమ్మ దాన్ని అంట్లు తోమే బండ దగ్గర పెట్టుకుంది.